అడగనిదే చెప్పని మనిషి

ఆమె పోయిన సంగతి నాకు సంతలో తెలిసింది. అదీ నేను చింతపండులో గింజలెక్కువ ఉన్నాయని తగువు పెట్టుకుంటున్నప్పుడు. అమ్మే ఆవిడ నా మాటలన్నీ ఓపికగా విని, చివర్లో హిందీలో "మితానిన్ ఖతం హో గయీ, దీదీ" అంది. కామెర్లట. పది రోజులు కూడా పడుకోలేదట. అప్పటికే నెల దాటిందట.

నేను "అయ్యో" అనలేదు. "నాకెవరూ చెప్పలేదేం?" అన్నాను. ఒక మనిషి పోయిందంటే ముందు మనకు కబురు రాలేదన్న కోపం పుట్టుకురావడం ఏం బుద్ధో నాకు తెలియదు. ఆ బుద్ధి నాకుంది. ఆవిడ తక్కెడ కింద పెట్టి, "నువ్వు అడగలేదు గదా" అంది.

ఆ మాట చచ్చిపోయిన మనిషి అన్నట్టే ఉంది. నేను గింజలున్న చింతపండే కొనుక్కుని ఇంటికి వచ్చాను.

మా బస్తరులో ఆశా వర్కరును మితానిన్ అంటారు. నేస్తురాలు అని అర్థం. ఆమె పేరు ఇక్కడ రాయను. బతికుండగా నాలుగు రిజిస్టర్లలో నాలుగు రకాలుగా రాశారని ఆమెకు కోపంగా ఉండేది. ఐదో రకం నేనెందుకు రాయాలి?

పొట్టి మనిషి. గట్టి పిక్కలు. భుజానికి మందుల సంచి, రవిక మెడ వెనక తగిలించిన గొడుగు. ఆ గొడుగు విప్పగా నేనెన్నడూ చూడలేదు. వాన వస్తే దాన్ని తీసి కొంగు కింద దాచి, తాను తడిసేది. "కొత్త గొడుగు, ఖరాబవుతది" అనేది. ఆరేళ్ళు అది కొత్త గొడుగే.

నాది ఖమ్మం దిక్కు. డిగ్రీ చదివి, పెళ్ళాడి, సరిహద్దుకు ఇవతల వరి, మిరప వేసుకునే తెలుగువాళ్ళ ఊరికి కోడలిగా వచ్చాను. కిష్టారం పోయే బాట మా ఇంటి ముందు నుంచే పోతుంది. ముందు గదిలో కుట్టుమిషను, కాసిని బట్టల తానులు పెట్టుకున్నాను. చదువుకున్న పిల్ల అని మా అత్తగారు ఊరంతా చెప్పింది. నోరెక్కువ అన్న సంగతి ఊరికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఒక పొద్దున ఆమె వచ్చి మా కంచె పక్కన నిలబడింది. నేను జాకెట్టు చేతులు కుడుతున్నాను. ఎవరి కోసమో నిలబడిందనుకున్నాను. చేతులు రెండూ అయిపోయాయి, మెడ కూడా అయిపోయింది, ఆమె అక్కడే ఉంది. పొగాకు నములుతూ, మా గుమ్మం వైపు కాక మా దడి వైపు చూస్తోంది. నాకు తిక్క పుట్టింది.

"ఏంది? ఏం గావాలె?" అని అరిచాను.

ఆ మాట కోసమే ఆగినట్టు నడిచి వచ్చి అరుగు చివర కూర్చుంది. హిందీలో చెప్పింది, "తెలుగు కావాలె."

రెండు మీటర్ల బట్ట అడిగినట్టు అడిగింది. నేనూ ఊరుకునేదాన్ని కాదు గదా, "ఎంత గావాలె?" అన్నాను.

"దవాఖానకు సరిపోయేంత."

మొదట్లో మా మాటలన్నీ హిందీలోనే నడిచాయి. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. మా వైపు నుంచి కాన్పు కష్టమైన మనిషిని జగదల్‌పూర్ తీసుకుపోవాలంటే పగలంతా పడుతుంది, బతికుంటే. నది అవతల తెలంగాణ పట్టణంలో పెద్ద దవాఖానా ఉంది. దారి బాగుంటే మూడు గంటలు. అందుకని కేసులన్నీ అటే పోతాయి. అక్కడ తెలుగే నడుస్తుంది.

"నాకు గోండి వచ్చు, హల్బీ వచ్చు, హిందీ వచ్చు. దోర్లీ మాట్లాడితే తెలుస్తది. ఆ గేటు దాటితే మూగదాన్ని," అంది.

అదంతా కూతురి కోసం. పేరు సుక్కి. ఐదో నెల. పోయినేడు వానల్లో మొదటి కాన్పుకు అదే దవాఖానాకు తీసుకుపోయారు. వరండాలో ఆలస్యమైంది. బిడ్డ బతకలేదు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎక్కడా తగ్గలేదు. మా అరుగు మీద ఆరబోసిన చింతకాయ ఒకటి తీసుకుని, పెంకు ఒలిచి, గింజ తీసి పక్కన పెట్టింది.

"ఈసారి బిడ్డ బతకాలె. నాలుగు నెలలున్నది. సరిపోతదా?"

"నాలుగు నెలల్ల భాష వస్తదా ఎవరికైనా?" అన్నాను.

"బిడ్డ పూర్తిగ తయారయ్యేతందుకే నాలుగు నెలలు చాలు. మాటకెందుకు చాలదు?"

నాకు ఎదురు చెప్పేవాళ్ళంటే ఇష్టం. ఊళ్ళో ఎవరూ చెప్పరు. మర్నాటి నుంచి రమ్మన్నాను.

రోజూ పొద్దున్నే వచ్చేది, అడవిలో పని లేని రోజు. వచ్చినా కంచె దగ్గరే ఆగేది. "రా" అంటేనే రావడం. నేను మిషను మీద, ఆమె అరుగు మీద చింతపండు కొడుతూ. నేను దవాఖానా చూసినదాన్ని, అక్కడ ఏమేం అడుగుతారో తెలిసినదాన్ని గనక, నోటుబుక్కులో ప్రశ్నలన్నీ వరసగా రాశాను. పేరేంది, ఏ ఊరు, ఎన్నో నెల, నొప్పులు ఎప్పటి నుంచి, నెత్తురు పోతోందా, ముందు కాన్పు ఏమైంది. నేను అడుగుతాను, నువ్వు చెప్పు. ఇదీ నా పద్ధతి. చాలా మంచి పద్ధతి అనుకున్నాను. కాలేజీలో మాకు చెప్పినవాళ్ళ కంటే మేలుగా చెబుతున్నానని కూడా అనుకున్నాను.

హిందీ అక్షరాలు వచ్చినా ఏదీ రాసుకునేది కాదు. ఒక్కో జవాబు మూడుసార్లు అనేది. మొదటిసారి తనలో తాను, రెండోసారి నాతో, మూడోసారి మా కోళ్ళతో. నాతో అన్నది పరీక్ష, కోళ్ళతో అన్నది సంభాషణ. మెడ ముందుకు చాచి, "తొమ్మిదో నెల. పొద్దుగాల నుంచి నొప్పులు. నెత్తురు పోతుంది" అని చాలా గంభీరంగా చెప్పేది. కోళ్ళు కూడా తల పక్కకు వాల్చి వినేవి. ఒకరోజు మా ఆయన పొలం నుంచి వచ్చి ఇది చూసి, "ఈ పెట్ట గుడ్డు పెట్టేటట్టు లేదు, ఆపరేషన్‌కు రాయండి" అన్నాడు. ఆమెకు ఆ మాట అర్థమైంది. ఒళ్ళో చింతపండు కింద పడేంత నవ్వింది. తెలుగులో అర్థమైన మొదటి వేళాకోళం అదేనేమో.

"నా నోరు మూడు గదుల ఇల్లు. మూడూ నిండి ఉన్నయ్. నీ తెలుగు అరుగు మీద పండుకోవాలె," అనేది.

ఆ మూడు గదులూ ఎలా వచ్చాయో ఒక్కసారే చెప్పింది. వాళ్ళది జగర్గుండా పక్క. పెద్ద సంత జరిగే రోజుల్లో సరుకు తెచ్చినవాళ్ళతో మాట్లాడి హల్బీ నేర్చుకుంది. "మరి హిందీ?" అన్నాను. "క్యాంపుల," అంది. తుపాకుల భయానికి సంత పోయి, ఊరు పోయి, క్యాంపుల్లో తలదాచుకుని, ఇటు వచ్చిపడ్డ సంవత్సరాల సంగతి అది. ఆ తర్వాత గింజలు ఏరడంలో పడింది. నేను ఇంకేమీ అడగలేదు. నాకు కూడా ఎక్కడో ఒకచోట నోరు ఆగుతుంది.

మాకు పెద్ద గొడవ ఒక్క మాట దగ్గర వచ్చింది. గేటు దగ్గర ఎవరైనా ఆపితే "నీ కాల్మొక్త సారూ" అనమన్నాను. అనను అంది.

"అంటే ఏం పోతది నీది? పని గావాల్నా వద్దా?"

"పని గావాలె."

"మరి?"

"కాళ్ళు చూసుకుంట మాట్లాడితే మొకం ఎట్ల కనబడ్తది? నా మాట విన్నడో లేడో ఎట్ల తెలుస్తది?"

నేను అరగంట వాదించాను. లోకం తీరు చెప్పాను. అవసరం మనది అన్నాను. ఆమె వాదించదు. అదే ఆమెతో కష్టం. వాదిస్తే గెలవచ్చు. ఆమె చింతపండు కొడుతూనే ఉంటుంది. ఆ మాట మాత్రం కోళ్ళకు కూడా చెప్పలేదు.

ఇప్పపూవు రోజులు అయిపోయాయి, తునికాకు కూడా అయిపోయింది. ఏడో నెల దాటేసరికి సుక్కికి కాళ్ళు పొంగాయి. ఒకరోజు తల్లి వెంట మా ఇంటికి వస్తే చూశాను. పాదం మీద వేలు పెట్టి నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. పెద్ద దవాఖానాలో చూపించాల్సిందే అన్నాను. నేనూ వస్తానన్నాను.

"నువ్వొస్తే నువ్వే మాట్లాడ్తవ్," అంది తెలుగులో. "నేను పోత. నాకు వచ్చు."

వచ్చు కూడా. పరీక్ష పెట్టాను. ఎటు నుంచి ఏ ప్రశ్న వేసినా తడుముకోలేదు. సోమవారం సర్వీసు జీపులో ఇద్దరినీ ఎక్కించి, మొదటి బ్యాచి విద్యార్థిని పంపినట్టు మురిసిపోతూ ఇంటికి వచ్చాను.

సాయంత్రం తిరిగి వచ్చారు. సుక్కి మా అరుగు మీద కాళ్ళు చాపి కూలబడింది. తల్లి కంచె దగ్గరే ఆగింది. రమ్మన్నాను.

"డాక్టరమ్మ ఏమన్నది?"

"చూడలే."

"ఎందుకు చూడలే? లేదా ఆమె?"

"ఉన్నది."

"మరి?"

"ఎవ్వరూ అడగలే."

నాకు మొదట అర్థం కాలేదు. పొద్దున్న తొమ్మిది గంటల నుంచి చీటీలు రాసే కిటికీ పక్కన నిలబడ్డారట, ఇద్దరూ. ముందుకు వెనక్కు మనుషులు పోతూనే ఉన్నారు. ఒక్కరు కూడా "ఏం కావాలె" అనలేదు. మధ్యాహ్నం కిటికీ మూసేశారు. జీపు పోతుందని వచ్చేశారు.

"నీకు నోరు లేదా?" అని లేచాను. "ఇన్ని నెలలు నా నెత్తి తిని నేర్చుకున్నవ్. కడుపుతో ఉన్న పిల్లను పొద్దందాక నిలబెట్టి, ఒక్క మాట అనలేక ఎనక్కొస్తవా? మళ్ళా పోయిన కాన్పు లెక్కనే చేస్తవా?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. సుక్కి తల తిప్పుకుంది. ఆమె మాత్రం నా ముఖంలోకే చూసి, ఈసారి హిందీలో, నెమ్మదిగా చెప్పింది.

"ఇంటికి వచ్చిన మనిషి ముందుగాల నోరు తెరవడు, దీదీ. వచ్చి నిలబడ్తడు. ఇంటోళ్ళు చూస్తరు. కూర్చోబెట్టి నీళ్ళిస్తరు. అప్పుడు అడుగుతరు, ఏం పని మీద వచ్చినవని. అడగకముందే చెప్పుకునేటోడు దొంగన్నా అయ్యుండాలె, ఆపదన్నా తెచ్చుండాలె. మా దగ్గర అంతే. ఆ దవాఖాన వాళ్ళ ఇల్లు గదా."

మిషను వైపు చూసి, "నీ పాఠంల కూడా ఎప్పుడూ నువ్వే అడిగినవ్. నేను చెప్పిన," అంది.

ఇన్ని నెలలుగా ఆమె రోజూ మా కంచె దగ్గర నిలబడుతుంటే, బిడియం అనుకున్నాను, మొద్దుతనం అని కూడా అనుకున్నాను. రోజూ నేను "రా" అంటున్నాను, రోజూ నేనే అడుగుతున్నాను. దవాఖానాలో ఎవరూ రమ్మనరు అన్న ఒక్క ముక్క నా నోటుబుక్కులో లేదు. పోయినేడు వరండాలో ఆలస్యమైందన్నది ఎందుకో కూడా అప్పుడు తెలిసింది. అప్పుడు భాషా రాదు, అడిగినవాళ్ళూ లేరు. ఈసారి భాష ఉండి కూడా అదే జరిగింది, నేను నేర్పిన పద్ధతి వల్ల.

"ఇప్పుడేం జేద్దాం?" అన్నాను.

"అడగకుండ చెప్పుడు నేర్పు. నీ లెక్క."

అంటే కొట్లాట నేర్పమని. అందుకు నా కంటే తగినది చుట్టుపక్కల పది ఊళ్ళలో లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాటి నుంచి చింతపండు పక్కన పెట్టాం. నేను మిషను వెనక చీటీలు రాసే గుమస్తానై కూర్చున్నాను. ఆమె బాట మీద నుంచి గబగబా నడిచి వచ్చి, అడ్డమొచ్చినవాళ్ళను తోసుకుని, బల్ల మీద చరిచి, "ఓ సారూ, ఇటు చూడు, కేసు సీరియస్" అనాలి. అదీ పాఠం. ఆమె గబగబా వచ్చేది. బల్ల దాకా వచ్చేది. అక్కడికి రాగానే చెయ్యి దానంతటది ఆగి, బల్ల మీద దుమ్ము తుడిచేది. నేను కావాలని తల ఎత్తేదాన్ని కాదు. ఆమె నిలబడేది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. చివరికి నాకే విసుగొచ్చి "ఏందమ్మా" అంటే, హాయిగా ఊపిరి పీల్చుకుని మొత్తం ఒప్పజెప్పేది.

"నేను అడగొద్దు. నువ్వే చెప్పాలె."

"నువ్వు మంచిదానివి. అడుగుతవ్."

"నేను మంచిదాన్ని కాదు. ఊళ్ళె ఎవర్నన్న అడుగు."

చూసేవాళ్ళు పోగయ్యేవారు. సుక్కి గోడకు ఆనుకుని, కడుపు మీద చేతులు పెట్టుకుని నవ్వేది. ఆ పిల్ల ఒకరోజు లేచి వచ్చి బల్ల మీద ఒక్కటి చరిచి, "ఓ సారూ" అని నా గొంతుతో అరిచింది. అచ్చంగా నేనే. అందరం నవ్వాం. తల్లి నవ్వలేదు. కూతురి కాళ్ళ వైపు చూస్తోంది. వాపు మోకాళ్ళ దాకా వచ్చింది.

ఆ మధ్యలో ఒకసారి నేనే బలవంతంగా సుక్కిని తీసుకుపోయి చూపించాను. బీపీ ఎక్కువ ఉందన్నారు, మందులిచ్చారు, నొప్పులు మొదలవగానే ఆలస్యం చేయొద్దన్నారు. ఆలస్యం మా చేతిలో ఉన్నట్టు. అప్పటికే ముసురు పట్టింది. వాగులు ఎప్పుడు దారిస్తే అప్పుడే పోవడం.

నొప్పులు ఒక తెల్లవారుజామున మొదలయ్యాయి. జీపు మా ఇంటి ముందు ఆగేసరికి వాన కాస్త తెరిపిచ్చింది. నేను అడక్కుండానే ఎక్కాను. ఆమె వద్దనలేదు. మొదటి వాగు దగ్గర నీళ్ళు తగ్గేదాకా గంటకు పైగా ఆగాం. ఆ గంట గురించి ఒక్క మాట చాలు. సుక్కి ముందు గట్టిగా మూలిగేది, తర్వాత మెల్లగా మూలిగింది. తల్లి ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఉంది. దేవుణ్ణి మొక్కుతోందనుకున్నాను. దగ్గరకు వంగితే తెలుగు వినిపించింది. "పేరు సుక్కి. తొమ్మిదో నెల."

దారిలో చెక్‌పోస్టు దగ్గర పోలీసు క్యాంపు జవాన్లు ఆపారు. అక్కడ ఆమె హిందీలో రెండు మాటలు చెప్పింది, వదిలారు. ఆ హిందీకి తడబాటు లేదు. అక్కడ వాళ్ళే అడుగుతారు గదా.

దవాఖానాకు చేరేసరికి పదకొండు దాటింది. కాన్పుల వార్డు ముందు బల్ల, బల్ల వెనక సిస్టర్, బల్ల ముందు జనం. సుక్కిని బెంచీ మీద పడుకోబెట్టాం. ఆమె బల్ల దాకా పోయింది. ఆగింది. నేను ఐదు దాకా లెక్కపెట్టాను, అంతకంటే ఆగలేకపోయాను. జనాన్ని తోసుకుని పోయి బల్ల చరిచాను.

సిస్టర్ మంచిదో చెడ్డదో నాకు తెలియదు. అలిసిపోయి ఉంది, అది మాత్రం కనిపించింది. "ఎక్కడ్నించి?" అంది. చెప్పాను.

"ఛత్తీస్‌గఢ్ కేసా? అక్కడ రాసిచ్చిన చీటీ ఏది?"

"పోయినసారి ఇక్కడే చూసిన్రు. మందులిచ్చింది మీరే. మళ్ళా చీటీ ఏంది?"

"చీటీ లేకుండ నేనేం రాయాలె? నువ్వు పేషంటుకు ఏమైతవ్?"

"ఏమైతే ఏంది? కాన్పుకు వచ్చిన మనిషికి సరిహద్దు ఏంది? ఏ పుస్తకంల రాసున్నది, చూపించు."

సిస్టర్ పెన్ను బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుంది. నేను ఇంకా రెచ్చిపోయాను. వెనక ఉన్న జనం "నిజమే గదా" అంటున్నారు. నాకు మాట మీద మాట వస్తోంది. వాదనలో నేను గెలుస్తున్నాను. అది నాకు బాగా గుర్తుంది, ఇప్పటికీ సిగ్గుగా గుర్తుంది. ఎందుకంటే బెంచీ వైపు నుంచి మూలుగు ఆగిపోయిందని నేను గమనించలేదు. తల్లి గమనించింది.

భుజం మీద చెయ్యి పడింది. దూడను జరిపినట్టు నన్ను పక్కకు జరిపి, ఆమె బల్ల ముందు నిలబడింది. అరవలేదు, చరచలేదు. సిస్టర్ ముఖంలోకి చూసింది. సిస్టర్ చేతులు కట్టుకునే ఉంది, ఏమీ అడగలేదు. ఇంక ఈమె సాయంత్రం దాకా ఇలాగే నిలబడుతుందనుకున్నాను.

అప్పుడు ఆమె, "పేరేంది?" అంది.

సిస్టర్‌ను కాదు. ఎవరినీ కాదు. అది నా గొంతు, కుట్టుమిషను మీద నుంచి నేను వేసే కేక. వెంటనే తన గొంతుతో, "సుక్కి" అంది.

"ఎన్నో నెల? తొమ్మిదో నెల. నొప్పులు ఎప్పటి నుంచి? తెల్లారక ముందు నుంచి. నెత్తురు పోతోందా? పోతుంది. బీపీ ఉన్నదా? ఉన్నది. కాళ్ళు పొంగినయా? పొంగినయ్."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆగలేదు. అడిగేవాళ్ళు లేకపోతే అడగడం కూడా తానే చేసుకుంది. నా విసుగుతో సహా, నా దీర్ఘాలతో సహా ప్రశ్న. ఆ వెంటనే, నీళ్ళిచ్చి అడిగిన ఇంటివాళ్ళకు చెప్పినట్టు, మర్యాదగా, జవాబు. మూడో జవాబుకు సిస్టర్ చేతులు విప్పింది. నాలుగో జవాబుకు పెన్ను తీసింది. ఆ ప్రశ్నల వరస సిస్టర్‌దే గదా, రోజుకు యాభైసార్లు వేసేదే. చెయ్యి దానంతటది రాసుకుపోయింది.

"ముందు కాన్పు ఏమైంది?" అని నా గొంతుతో అడిగింది ఆమె.

నేను నేర్పిన జవాబు "బిడ్డ బతకలే" అన్నంత వరకే.

"బిడ్డ బతకలే," అంది. ఆగి, "ఇక్కడే. ఆ వరండాల," అంది.

సిస్టర్ తల ఎత్తింది. "ఎప్పుడు?" అంది. ఆ పొద్దున దవాఖానా ఆమెను అడిగిన మొదటి మాట అది.

"పోయిన వానలకు."

"నువ్వేమైతవ్?"

దీనికి నేను "మితానిన్‌ని" అని చెప్పమని నేర్పాను. సర్కారు మనిషి అంటే కాస్త విలువిస్తారని.

"తల్లిని," అంది.

సిస్టర్ లేచి, స్ట్రెచర్ కోసం కేక వేసింది. సుక్కిని లోపలికి తీసుకుపోయేటప్పుడు కళ్ళు తెల్లగా తిరిగి ఉన్నాయి. లోపలి నుంచి డాక్టరమ్మ గొంతు, పరుగెత్తే చెప్పుల చప్పుడు. ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. ఆమె హిందీ అక్షరాలతో, ఒక్కొక్కటీ ఒత్తి ఒత్తి, తన పేరు తనకు నచ్చినట్టు రాసింది.

ఆ తర్వాత వరండాలో కూర్చున్నాం. మళ్ళీ వాన పట్టింది. నేను రెండుసార్లు మాట కలపబోయాను. సిస్టర్‌తో తగువు పెట్టుకోకుండా ఉండాల్సింది అని చెప్పాలని. ఆమె పొగాకు డబ్బీ తీసి, మూత తిప్పి, మళ్ళీ పెట్టేసింది. నన్ను తిట్టినా బాగుండేది. తిట్టడం నేర్పాను గదా, ఆ నాలుగు మాటలూ నా మీదే వాడినా సంతోషించేదాన్ని.

మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో ఆడపిల్లను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టారు. ఆపరేషన్ చేశారు. సుక్కికి ఇంకా తెలివి రాలేదు గాని గండం దాటిందన్నారు. ఆమె పిల్ల ముఖం చూడలేదు ముందు. గుడ్డ విప్పి అరికాళ్ళు చూసింది, అరచేతులు చూసింది, పొట్ట మీద చెవి పెట్టి వింది. అన్నీ అయ్యాక ముఖం చూసింది. ఏడవలేదు, నవ్వలేదు. గట్టిగా ఒక ఊపిరి వదిలి గోడకు ఆనుకుంది. ఆ ఊపిరి పోయిన వానల నుంచి పట్టి ఉంచినట్టుంది.

పిల్లకు ఆకలేసిందో, చలేసిందో, ఏడుపు అందుకుంది. అప్పుడే వార్డు తలుపు తెరుచుకుని సిస్టర్ బయటికి వచ్చింది. జనంలో వెతికి ఆమెను పట్టుకుంది.

"ఓ అమ్మా, నిన్నే. నీకు మీ దిక్కోళ్ళ మాట వచ్చు గదా. లోపల మీ దిక్కు పిల్ల ఒకామె ఉన్నది, ఎంత అడిగినా చెప్తలేదు. ఇటు రా, ఏమంటదో అడుగు."

ఆమె లేచి, మనవరాలిని నా ఒళ్ళో పెట్టింది. నేను కాదనేలోపల తలుపు దాకా పోయింది. పిల్ల ఇంకా గట్టిగా ఏడుస్తోంది. ఊపాను, జో కొట్టాను, నాకు వచ్చిన తెలుగంతా చెప్పాను. ఆ పిల్లకు నా తెలుగు ఎందుకు?

"ఓ మితానిన్," అని కేకేశాను. "మీ భాషల ఏమని ఊకోబెట్టాలె దీన్ని?"

ఆమె తలుపు పట్టుకుని ఒక్కసారి వెనక్కి చూసింది.

"ముందు నువ్వు ఊకో, దీదీ. అదే ఊకుంటది," అని లోపలికి పోయింది.

నేను నోరు మూసుకున్నాను. పిల్ల ఇంకా కాసేపు ఏడ్చింది.